ఆదివారం ఆరు గంటలు రోడ్డు మనదే

పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మిర్యాలగూడ, నాకు 49 ఏళ్లు. మా అమ్మాయి, అల్లుడు మెక్సికోలో గ్వాదలహారా అనే ఊర్లో ఉంటున్నారు. వచ్చే నెల వాళ్ల దగ్గరికి పోతున్నాను, మూడు నెలలు ఉంటాను. అక్కడ ప్రతి ఆదివారం పొద్దున పెద్ద పెద్ద రోడ్లు బంద్ పెట్టి ఊరంతా సైకిళ్లు తొక్కుతారట. "అమ్మా, నువ్వు కూడా రావాలి" అని పిల్ల ఒకటే పట్టు. నేను పదో తరగతి దాకా తొక్కాను, పెళ్లయ్యాక సైకిల్ ముట్టలేదు. పడితే ఎట్లా, భాష రాదు, చీర కట్టుకునేదాన్ని, నలుగురూ చూసి ఏమనుకుంటారో అని ఒకటే టెన్షన్. వస్తానని పిల్లకు చెప్పేశాను కానీ రాత్రి నిద్ర పట్టడం లేదు. మీరు ఆ ఊరికి పోయి వచ్చానని ఒకసారి రాశారు కదా, అందుకే మిమ్మల్నే అడుగుతున్నా.

జవాబు: చెల్లెమ్మా, పో. తప్పకుండా పో. మా అబ్బాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాను, ఎన్నో చూపించాడు, కానీ ఇప్పటికీ కళ్ల ముందు మెదిలేవి ఆ ఆదివారాలే. ఎనిమిది ఆదివారాలు ఉంటే ఏడు పోయాను, ఒక్కటి జ్వరంతో పోలేదు, ఆ రోజంతా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు వైపే చూశాను.

ముందు అది ఏమిటో చెప్తాను, తెలిస్తే సగం భయం పోతుంది. దాని పేరు వీయా రెక్రియాక్తీవా. 2004లో మొదలైంది. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు రోడ్లు మూసి జనానికి వదిలేస్తున్నారు, దాన్ని చూసి వీళ్లూ పెట్టుకున్నారు. పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా కార్లు, బస్సులు ఆ రోడ్ల మీదికి రావు. మొదట కొన్ని కిలోమీటర్లే ఉన్నది పెరిగి పెరిగి పక్క మున్సిపాలిటీలను కూడా కలుపుకుని 60 కిలోమీటర్లు దాటింది. నువ్వు అదంతా తొక్కాలని కాదు! రెండు కిలోమీటర్లు తొక్కి చెట్టు కింద కూర్చున్నా నిన్ను ఎవరూ ఏమీ అడగరు. పేరు రాయించుకునేది లేదు, టికెట్ లేదు, పందెం అసలే కాదు. నడిచేవాళ్లు, చక్రాల బూట్లు వేసుకున్నవాళ్లు, చంటిపిల్లల్ని తోపుడు బండిలో తోసుకుంటూ వచ్చేవాళ్లు, కుక్కను పట్టుకుని వచ్చిన ముసలివాళ్లు, అందరూ అదే రోడ్డు మీద ఉంటారు. అడ్డరోడ్లు వచ్చే చోట సిగ్నల్ దగ్గర మనుషులు నిలబడి ఉంటారు, చేతిలో ఆగమనే బోర్డు పట్టుకుని మనల్ని ఆపుతారు, కార్లు పోయాక మనల్ని వదులుతారు. అక్కడ మాత్రం ఆగి తీరాలి.

నిన్ను చూసి నవ్వుతారేమో అన్నావు. నేను మొదటి ఆదివారం సల్వార్ కమీజ్‌లో, నెత్తికి హెల్మెట్ పెట్టుకుని, హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంటే పళ్లు బిగపట్టి తొక్కాను. నా పక్కన డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ గులాబీ రంగు సైకిల్ మీద, ముందు బుట్టలో రొట్టెల సంచి పెట్టుకుని, నాకంటే మెల్లగా పోతోంది. నన్ను చూసి తల ఊపింది, నేనూ ఊపాను. అంతే, ఆ తర్వాత ఎవరు చూస్తున్నారన్న ధ్యాసే నాకు లేదు.

చీర సంగతి. చీరతో తొక్కొద్దు, నా మాట విను. కుచ్చిళ్లు చైన్‌లో ఇరుక్కుంటే మనిషి అమాంతం పడిపోతుంది. పంజాబీ డ్రెస్ వేసుకో, చున్నీ ఇంట్లో వదిలేయ్, ప్యాంట్ కుడి కాలు దగ్గర రబ్బర్ బ్యాండ్ పెట్టుకో, చైన్ ఉండేది ఆ వైపే. ఆ ఊర్లో మీబీసీ అని కిరాయి సైకిళ్లు ఉంటాయి, 2014 నుంచి నడుస్తున్నాయి, వీధి పక్కన స్టాండులో పెట్టి ఉంటాయి, ఒక స్టాండులో తీసుకుని ఇంకో స్టాండులో పెట్టేయొచ్చు. వాటికి మన లేడీస్ సైకిల్ లాగా మధ్యలో అడ్డ రాడ్డు ఉండదు, కాలు ఎత్తి అవతలికి వేయాల్సిన పని లేదు. కాకపోతే ఒక్కోసారికి అరగంటే లెక్క, ఆ లోపల ఏదో ఒక స్టాండులో పెట్టి మళ్లీ తీసుకోవాలి. ఆ ఫోన్ పనులన్నీ మీ అమ్మాయి చూసుకుంటుంది.

పోయేలోపు మిర్యాలగూడలోనే పది రోజులు తొక్కి చూడు. ఇంటి పక్క పిల్లల సైకిల్ అడుగు, సీటు బాగా కిందికి దించు, కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి. మొదటి రెండు రోజులు పెడల్ ముట్టొద్దు, కాళ్లతో నేలను తన్నుకుంటూ ఏదైనా బడి గ్రౌండ్‌లో తిరుగు. బ్యాలెన్స్ దానంతట అదే వస్తుంది, మూడో రోజు కాళ్లు వాటంతట అవే పెడల్ మీదికి పోతాయి. చిన్నప్పుడు మనం కైంచీ తొక్కిన వాళ్లమే కదా. సైకిల్ టాక్సీ షాపులో గంటకు కిరాయి కట్టి, సీటు అందకపోతే రాడ్డు కింద నుంచి కాలు పెట్టి ఊరంతా తిరిగినవాళ్లం. ఒంటికి ఒకసారి వచ్చింది పోదు, కొంచెం తుప్పు పడుతుంది, అంతే.

మర్చిపోకూడనిది ఇంకోటి, అక్కడ బండ్లు రోడ్డుకు కుడి పక్కన పోతాయి. మనకు నలభై ఏళ్లుగా ఎడమ అలవాటు, ఎదురుగా సైకిల్ వస్తే మన చేయి తెలియకుండానే ఎడమకు తిప్పేస్తుంది, అవతలివాళ్లు కుడికి తిప్పుతారు, ఇద్దరూ ఒకే వైపుకు వచ్చేస్తారు. నాకు రెండుసార్లు అట్లా అయ్యింది. మీ అమ్మాయిని ముందు పొమ్మను, నువ్వు ఆమె వెనక చక్రం చూసుకుంటూ పో. ఇంకా, ఆ ఊరు సముద్ర మట్టానికి 1,500 మీటర్ల కంటే ఎత్తులో ఉంది. మొదటి వారం కొంచెం ఎత్తు ఎక్కినా ఆయాసం వస్తుంది, గుండెకు ఏదో అయ్యిందని భయపడకుండా దిగి నిలబడు, నీళ్లు తాగు. బీపీ మందులు వాడుతుంటే మాత్రం పోయే ముందు డాక్టర్‌ను ఒక మాట అడిగి పో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, కానీ అవి ఎక్కువగా సాయంత్రం పూటే కురుస్తాయి. పొద్దున రోడ్డు కడిగినట్టు ఉంటుంది, గాలి చల్లగా ఉంటుంది, నన్నడిగితే తొక్కడానికి అదే మంచి కాలం.

ఇక దారి. హవియర్ మీనా అనే రోడ్డు నుంచి హువారెస్, అక్కడి నుంచి వయార్తా అవెన్యూ, ఇవి ఒకదాని వెనక ఒకటి ఊరి నడుమ నుంచి పడమరకు పోతాయి. నువ్వు ఈ దారిలోనే పో, ఎందుకంటే దాదాపు ఐదు వందల ఏళ్ల ఊరు మొత్తం రెండు పక్కలా కనిపిస్తుంది. స్పెయిన్ వాళ్లు మూడు చోట్ల ఊరు కట్టబోయి కుదరక నాలుగోసారి 1542లో ఇక్కడ కుదురుకున్నారు, అంటే మన చార్మినార్ కంటే దాదాపు యాభై ఏళ్లు ముందు. మొదట సాన్ హువాన్ దే దియోస్ అనే పెద్ద బజారు వస్తుంది. దాని వెనకాలే ఓస్పీసియో కబాన్యాస్. అనాథ పిల్లల కోసం ఒక బిషప్ కట్టించిన ఆశ్రమం అది, 1980 దాకా పిల్లలు అందులో ఉన్నారు. సైకిల్ బయట పెట్టి లోపలికి పోయి తీరాలి. ఓరోస్కో అనే చిత్రకారుడు 1937 నుంచి 1939 దాకా ఆ గోడల మీద, గుమ్మటం లోపల బొమ్మలు వేశాడు. గుమ్మటం నడిమధ్యలో మంటల్లో నిలబడి పైకి పోతున్న మనిషి ఉంటాడు, కింద బల్ల మీద వెల్లకిలా పడుకుని చూస్తారు అందరూ. నేనూ పడుకున్నాను, లేవబుద్ధి కాలేదు. 1997లో యునెస్కో వాళ్లు దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడం అన్నారు. ఇంకొంచెం ముందుకు పోతే కుడి చేతి వైపు సందుల్లోంచి పెద్ద చర్చి జంట గోపురాలు, పసుపు పచ్చ పెంకులతో, తొంగి చూస్తాయి. పాత గోపురాలు 1818 భూకంపంలో కూలిపోతే తర్వాత కట్టినవి అవి. వయార్తా మీద పోతే పాత బంగళాలు, పెద్ద చెట్ల నీడ, చివరికి మినర్వా అనే దేవత విగ్రహం ఉన్న ఫౌంటెన్. నేను మూడో ఆదివారానికి గానీ మినర్వా దాకా పోలేకపోయాను. పోయిన రోజు పసుపు కుంకుమ లేదు కానీ మనసులో దండం పెట్టుకున్నాను.

నాలుగో ఆదివారం చైన్ ఊడింది. అబ్బాయి ముందు వెళ్లిపోయాడు, ఫోన్ అతని దగ్గరే ఉంది, నాకు ఒక్క ముక్క స్పానిష్ రాదు. సైకిల్‌ను పక్కకు తీసి నిలబడ్డానో లేదో, టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఆగాడు. అడగలేదు, చెప్పలేదు, సైకిల్‌ను తలకిందులు చేసి సీటు మీద నిలబెట్టాడు. చెట్టు కింద పడిన పుల్ల ఒకటి తీసుకుని చైన్‌ను వెనక పళ్ల చక్రం మీదికి ఎక్కించి, చేత్తో పెడల్ తిప్పాడు. కట, కట, కట అని మూడు పళ్లు పట్టుకుని నాలుగోదానికి చైన్ జారి కూర్చుంది. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర సైకిల్ రిపేర్ చేసే ఆయన కూడా అచ్చం ఇట్లాగే చేసేవాడు, పుల్ల కూడా అంతే పొడవు. నేను చేతులు జోడించి దండం పెట్టాను, ఆయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. వేళ్లకు అంటిన గ్రీజు నాకు మంగళవారం దాకా పోలేదు. చెల్లెమ్మా, భాష రాదని భయపడకు. మూడు మాటలు నేర్చుకో, చాలు: దారి కావాలంటే "కోన్ పెర్మీసో", థాంక్స్ చెప్పాలంటే "గ్రాసియాస్", పొద్దున ఎవరు ఎదురైనా "బ్వేనోస్ దియాస్". ఎవరైనా తింటుంటే పక్క నుంచి పోయేటప్పుడు "ప్రొవేచో" అంటారు, కడుపు నిండా తినండి అన్నట్టు. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా అంటారు, నాకు మస్తు నచ్చింది ఆ అలవాటు.

తొక్కడం అయ్యాక తెహుయీనో తాగకుండా ఇంటికి రావద్దు. బండి మీద పెద్ద కుండలో అమ్ముతారు. మక్క పిండిని, మన బెల్లం లాంటిదే అక్కడ పిలోన్సీయో అంటారు, దాంతో ఉడికించి కొద్దిగా పులియబెడతారు. గ్లాసులో పోసి ఉప్పు వేసి, నిమ్మకాయ పిండి, పైన నిమ్మ ఐస్ ఒక ముద్ద వేసి, ఈ గ్లాసులోంచి ఆ గ్లాసులోకి రెండుసార్లు ఎత్తి పోసి ఇస్తాడు. మొదటి గుక్క పులిసిన అంబలిలో బెల్లం కలిపినట్టు అనిపించింది. రెండో గుక్కకు మా నాయనమ్మ గుర్తొచ్చింది, ఎండాకాలం చేను నుంచి వచ్చి చెంబెడు అంబలి ఎత్తి తాగే మనిషి. మక్కలు ఆ దేశానివే, అక్కడి నుంచే మన చేలల్లోకి వచ్చాయి. మన గుట్టల కింద, చేను గట్ల మీద కత్తుల్లా నిలబడే కిత్తలి కూడా అక్కడిదే, గ్వాదలహారా దాటితే చాలు, చేలకు చేలే కిత్తలి తోటలు. పులిసింది కాబట్టి మొదటిసారి సగం గ్లాసే తాగు.

తిరిగి వచ్చాక ఎంత దూరం తొక్కావో నాకు ఉత్తరం రాయి, నేను ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మేడమ్, మాది మహబూబ్‌నగర్, ప్రైవేట్ ఉద్యోగం, 34 ఏళ్లు. మీరు మెక్సికో ఆదివారాల గురించి రాసింది చదివాక మా ఊర్లో కూడా పెట్టాలని ఉంది. కానీ రోడ్డు మూయించే శక్తి మాకు ఎక్కడిది? ఒకసారి పది మందిమి పోయాం, ఇద్దరు రయ్యిన ముందుకు పోయారు, మిగతావాళ్లు వెనక పడ్డారు, రెండో వారం ముగ్గురే వచ్చారు, మూడో వారం ఎవరూ రాలేదు.

జవాబు: తమ్ముడూ, ఆగిపోయింది రోడ్డు మూయకపోవడం వల్ల కాదు, ఆ ఇద్దరు ముందుకు పోవడం వల్ల. వెనక పడ్డవాళ్లకు ఆ రోజు ఎంత చిన్నతనంగా అనిపించి ఉంటుందో ఆలోచించు. అందరికంటే మెల్లగా తొక్కే మనిషిని ముందు పెట్టండి, ఎవరూ ఆ మనిషిని దాటకూడదు. బాగా తొక్కగలిగిన మనిషి అందరి వెనకాల ఉండాలి, పంక్చర్ సామాను, గాలి పంపు అతని దగ్గర ఉండాలి. ఎవరి టైరు దిగినా అందరూ ఆగాలి. ఈ ఒక్కటి పాటించి చూడండి, నాలుగో వారానికి ఎవరు వస్తారో.

రెండోది, టైమ్ మార్చొద్దు. ఆదివారం పొద్దున ఆరు అంటే ఆరే, చోటు అంటే అదే చోటు. ముగ్గురే వచ్చినా బయల్దేరండి, "ఈ వారం వద్దులే, వచ్చే వారం చూద్దాం" అని గ్రూపులో మెసేజ్ పెట్టిన రోజే అది సగం ఆగిపోయినట్టు. గ్వాదలహారాలో నేను చూసింది కూడా ఇదే, ఆదివారం వస్తే రోడ్డు ఖాళీగా ఉంటుందని ఊరికి ఊరే నమ్మింది, అందుకే ముందు రోజు ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి అడగరు.

మీకు దారి వెతుక్కోవాల్సిన పనే లేదు. పట్నం నుంచి పిల్లలమర్రి నాలుగు కిలోమీటర్లు, పోయి రావడం ఎనిమిది, పదేళ్ల పిల్లలు కూడా తొక్కగలరు. ఏడు వందల ఏళ్ల చెట్టు, మూడెకరాలకు పైగా పరుచుకున్న ఊడలు. 2018లో చెదలు పట్టి ఎండిపోతుంటే మనిషికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించారు దాన్ని. ఆ చెట్టు దాకా పోయి, అక్కడ పది నిమిషాలు కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి ముక్కలు పంచుకుని వెనక్కి రండి. నల్గొండ వాళ్లకైతే పానగల్లు. ఉదయ సముద్రం కట్ట మీద పొద్దు పొడుస్తుంటే చూడాలి, ఆ పక్కనే ఛాయా సోమేశ్వరాలయం, గర్భగుడిలో రోజంతా కదలని నీడ. దూరం కూడా నాలుగు కిలోమీటర్లకు మించదు. ఒక్కటే జాగ్రత్త, జడ్చర్ల నుంచి రాయచూర్ పోయే హైవే మీద గుంపుగా తొక్కొద్దు, దాటాల్సి వస్తే దిగి చేత్తో నడిపించుకుంటూ దాటండి, పిల్లలు ఉంటే మరీ.

రోడ్డు మూయడం కూడా మన దగ్గర జరగనిదేమీ కాదు. గురుగ్రామ్‌లో 2013 నవంబర్‌లో రాహ్‌గిరి పేరుతో ఆదివారం రోడ్లు మూశారు, హైదరాబాద్‌లో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపి జనానికి వదిలారు. మీరు ఆరు నెలలు ఆపకుండా తొక్కితే, యాభై మంది అయితే, అప్పుడు మున్సిపాలిటీకి, ట్రాఫిక్ పోలీసులకు కాగితం పెట్టండి, చెరువు కట్ట ఒక్కటి రెండు గంటలు ఇవ్వమని. యాభై మందిని ఫొటోలో చూపిస్తే ఆ కాగితానికి బలం వస్తుంది. ఆడవాళ్లను పిలవడం మర్చిపోకు. మీ ఇంట్లోవాళ్లనే ముందు పిలువు.

ప్రశ్న: అక్కా, మాది మునుగోడు దగ్గర పల్లె. నాకు 55 ఏళ్లు, మోకాళ్లు నొప్పి. సైకిల్ తొక్కితే మంచిదని కొందరు, ఇంకా అరుగుతాయని కొందరు. మా వాడు గేర్ల సైకిల్ కొనిస్తా అంటున్నాడు. కొనమంటారా?

జవాబు: అన్నా, ఇప్పుడే కొనొద్దు. మీది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం, మీరు చిన్నప్పటి నుంచి ఆ బోరు నీళ్లే తాగి ఉంటారు. మోకాలి నొప్పి ఒక్కటేనా, నడుము, మెడ కూడా బిగుసుకుపోతున్నాయా? అట్లా ఉంటే ముందు డాక్టర్‌కు చూపించండి, అది అరుగుదల కాకపోవచ్చు. వాపు ఉన్నా అంతే.

డాక్టర్ తొక్కమంటే ఇంట్లో ఉన్న పాత సైకిలే చాలు, సీటు ఎత్తు మార్చండి. నేర్చుకునేటప్పుడు సీటు కిందికి ఉండాలని పైన మిర్యాలగూడ చెల్లెమ్మకు రాశాను కదా, అలవాటైన మనిషికి అది పనికిరాదు. సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువగా మడిచి తొక్కాల్సి వస్తుంది, నొప్పి అక్కడే మొదలవుతుంది. గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి, పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా సాగాలి. తొక్కేటప్పుడు మడమ కాకుండా పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటే మోకాలు కొంచెం మడిచి ఉంటుంది, అంత చాలు. మొదటి వారం రోజూ పది నిమిషాలు, చదునుగా ఉన్న దారిలోనే. టైర్లలో గాలి తక్కువ ఉంటే బరువంతా మోకాలి మీదే పడుతుంది, బయల్దేరే ముందు బొటనవేలితో నొక్కి చూసుకోండి.